తవుడు బేరం

గాజుపెట్టె తలుపు తీసి, లోపలి రబ్బరు పరుపును గోరువెచ్చని నీళ్ళలో పిండిన గుడ్డతో ఇంకోసారి తుడిచింది సంపూర్ణమ్మ. నెలలు నిండని పిల్లల్ని వెచ్చగా ఉంచే ఆ పెట్టెలో ఇవ్వాళ ఎవరూ లేరు. ఎవరినీ పెట్టరు కూడా. అయినా తుడిచింది. దుమ్ముపట్టి కనిపిస్తే, పనికిరాని సామానని చెప్పి ఎత్తుకుపోతారేమోనని ఆమె అనుమానం.

ఎవరు ఎత్తుకుపోతారంటే, కొత్తగా వచ్చిన డాక్టరమ్మ హారతి గారు. కాకపోతే ఆవిడ వెనక తిరిగే ట్రైనింగు పిల్లలు. వాళ్ళూ కాకపోతే, ఆవిడని ఇక్కడికి పంపించిన, ఎక్కడుంటారో ఎవరో తెలియని పెద్దవాళ్ళు. సంపూర్ణమ్మ అనుమానాలకి మనుషుల కొరత ఎప్పుడూ రాలేదు.

మిషను ఆస్పత్రి చంటిపిల్లల వార్డులో ఆయాగా చేరి ఆమెకు చాలా ఏళ్ళయింది. బక్కపలచని మనిషి. నెరిసిన జుట్టును వెనక్కి లాగి, మందుల పెట్టెలకు చుట్టి వచ్చే రబ్బరుబ్యాండుతో చిన్న ముడి వేసుకుంటుంది. నీలం అంచు తెల్లచీర, మోచేతుల దాకా జాకెట్టు. ఎప్పుడూ నీళ్ళల్లో నానే వేళ్ళు కావడంతో చివర్లు ముడతలు పడి, గోళ్ళు పాలిపోయి ఉంటాయి. కుడి మణికట్టు మీద పాత రూపాయి బిళ్ళంత కాలిన మచ్చ ఉంది. పాలసీసాలు మరగబెట్టే రోజుల్లో గిన్నె ఒలికి పడిన మచ్చ అది. పెట్టె వేడి సరిగ్గా ఉందో లేదో ఆ మచ్చ పక్క చర్మాన్ని ఆనించి చూసుకుంటుంది. లోపల థర్మామీటరు లేక కాదు. అది కూడా ఎవరో తెచ్చి పెట్టిందే కదా అని ఆమె ఉద్దేశం.

అల్మారా పై అరలోంచి డబ్బా దించి, అందులోంచి దూదిఉండలు తీసుకుంది. ఒకప్పటి పాలపొడి డబ్బా అది. మూత అంచులు తుప్పుపట్టాయి. పైన బొద్దుగా నవ్వుతున్న పాప బొమ్మ ఉంటుంది గానీ, వార్డులో చాలామంది ఆ బొమ్మని చూడలేదు. సంపూర్ణమ్మ డబ్బాని ఎప్పుడు పెట్టినా బొమ్మ గోడవైపుకి తిప్పి పెడుతుంది.

హారతి గారు వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ముప్పై నిండిన మనిషిలా ఉండదు, చెవులకు చిన్న దుద్దులు, కాళ్ళకు మగపిల్లల చెప్పులు. వస్తూనే ఒక పద్ధతి పెట్టింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు బేసి తారీకున వస్తే గాజుపెట్టెలో పెట్టాలి. సరి తారీకున వస్తే పెట్టె లేదు, తల్లి ఎద మీద బట్ట అడ్డం లేకుండా నిలువుగా పడుకోబెట్టి, పైనుంచి చీరముక్కతో కట్టాలి. తల్లి ఒంటి వేడే బిడ్డకి పెట్టె అంట. రెండు రకాలుగా పెరిగిన పిల్లల్లో ఎవరు ఎలా పుంజుకుంటున్నారో చూసి, చూసినదాన్ని పెద్ద ఆస్పత్రులకి చెబుతారట. దాన్ని పరిశోధన అంటారట.

"తారీకుని బట్టి వైద్యమేంటండి," అని మొదటి వారంలోనే అడిగింది సంపూర్ణమ్మ.

"మన ఇష్టానికి వదిలేస్తే, గట్టిగా ఉన్న పిల్లలందర్నీ తెలీకుండానే ఒక పక్కకి ఎంచేస్తాం సంపూర్ణమ్మా. తారీకుకి అలాంటి పక్షపాతం ఉండదు కదా," అంది హారతి గారు.

మాట బాగానే ఉంది. బాగున్న మాటలంటేనే సంపూర్ణమ్మకి భయం.

బయట నవంబరు ముసురు పట్టి రెండోరోజు. వరండాలో ట్రైనింగు పిల్లలు బల్ల మీద వరసగా కూర్చుని, ఇసుక నింపిన గుడ్డసంచుల్ని గుండెలకి కట్టుకుంటూ కట్టు వేయడం నేర్చుకుంటున్నారు. చివర కూర్చున్న రెబెక్కాని సంపూర్ణమ్మ ప్రత్యేకంగా కనిపెట్టి చూస్తూ ఉంటుంది. పాలకొల్లు పిల్ల, అందరితోనూ నవ్వుతూ మాట్లాడుతుంది, అడక్కుండానే సాయం చేస్తుంది. ఇన్ని మంచిగుణాలు ఒకచోట ఉన్నాయంటే డాక్టరమ్మకి కబుర్లు మోస్తూ ఉండాలని ఆమె ఎప్పుడో తేల్చేసుకుంది.

"ఏమ్మాయ్, నీ ఇసుకబిడ్డకి పాలు పట్టావా?" అంది తొట్టితో అటు వెళ్తూ.

"పట్టేనండి. కక్కేసిందండి," అంది రెబెక్కా, సంచిని భుజం మీద తట్టుతూ. తక్కినవాళ్ళు నవ్వారు. సంపూర్ణమ్మకీ నవ్వొచ్చింది గానీ మొహం తిప్పుకుంది.

అసలు పిల్ల అప్పటికే పుట్టి ఉంది. తెల్లవారుజామున మొగల్తూరు నుంచి కారు కట్టించుకుని ఒక రైతు కుటుంబం వచ్చింది. తల్లికి ఆపరేషను చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. నెలలు నిండలేదు, కిలోన్నరకి తక్కువే. పక్షి ఈకంత జుట్టు, మోకాళ్ళ దగ్గర చర్మం పెద్దవాళ్ళ చొక్కా వేసుకున్నట్టు వదులుగా ఉంది. తల్లి ఉమ మేడమీద ఆడవాళ్ళ వార్డులో మత్తులో ఉంది. ఇంతకుముందు ఇద్దరు ఆడపిల్లలు పుట్టి, పురిట్లోనే పోయారు.

ఇవ్వాళ సరి తారీకు.

"తల్లి లేచేసరికి సాయంత్రం అవుతుంది. అంతవరకూ అమ్మమ్మ గారు పెట్టుకోవచ్చు," అని హారతి గారు పిల్లని తెచ్చి, అమ్మమ్మ అచ్చాయమ్మకి ఎలా ఆనించుకోవాలో చూపించింది. అచ్చాయమ్మ లావుపాటి మనిషి, ముక్కుకి రెండువైపులా రాళ్ళ పుడకలు. అన్నిటికీ "ఆయ్, అలాగేనండి" అంది. డాక్టరమ్మ రెబెక్కాని తల్లి దగ్గరికి పంపించి, తను పాఠం చెప్పడానికి వెనక హాల్లోకి వెళ్ళిపోయింది.

ఆవిడ వరండా మెట్లు దిగిన చప్పుడు ఆగగానే అచ్చాయమ్మ లేచింది. మంచం కింద మూటలోంచి వెదురుచేట తీసింది. పిల్లని గుడ్డలో చుట్టి చేటలో పడుకోబెట్టి, వార్డు గుమ్మంలో పెట్టి, గోడవైపు తిరిగి నిలబడింది.

"ఎవరో పిల్లని గుమ్మంలో వదిలేసి పోయారమ్మా," అంది గోడతో మాట్లాడుతున్నట్టు.

సంపూర్ణమ్మ గుమ్మంలోని చేటనీ, ఆమె వీపునీ మార్చి మార్చి చూసింది. తర్వాత అర్థమైంది. ఈ తంతు గురించి ఆమెకి చిన్నప్పటి నుంచీ తెలుసు. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్ళల్లో, పుట్టినదాన్ని పరాయి మనిషికి వదిలేసి, మళ్ళీ దోసెడు తవుడు ఇచ్చి కొనుక్కుంటారు. చావు వెతుక్కుంటూ వచ్చేసరికి అది వాళ్ళ పిల్ల కాదు, ఎవరో తవుడికి అమ్ముకున్న పిల్ల. తవిటయ్యలూ తవిటమ్మలూ అలా మిగిలినవాళ్ళే.

"ఊరంతా ఉండగా నేనేంటండి?" అంది సంపూర్ణమ్మ, పిల్ల వైపు చూడకుండా.

"నీకు పిల్లలున్నారా?"

"లేరండి. ఒక్కత్తి పుట్టి పోయింది."

అచ్చాయమ్మ వెనక్కి తిరిగింది. ఆమె కళ్ళల్లో జాలి లేదు, ఆశ కనిపించింది. "అందుకేనమ్మా. వాడు ఒకసారి వచ్చి తీసుకుపోయిన గడప నీది. మళ్ళీ నీకేసి చూడడు. పైగా మీరు వేరే మతం, వేరే కులం. మా పిల్లని అక్కడ వెతుక్కోవడం వాడి తరం కాదు."

ఆ ఇళ్ళల్లో తనకి మంచినీళ్ళు ఏ గ్లాసులో ఇస్తారో సంపూర్ణమ్మకి బాగా తెలుసు. వేరే గ్లాసు కడిగి బోర్లించుకునే మనుషులు పిల్లని మాత్రం నిక్షేపంగా చేతిలో పెడుతున్నారు. ఒళ్ళు మండింది. పాస్టరు గారికి తెలిస్తే ఆదివారం చివాట్లు తప్పవని కూడా గుర్తొచ్చింది. చేటలో పిల్ల నోరు తెరిచింది, ఏడుపు రాలేదు. గుమ్మంలోంచి ముసురుగాలి కొడుతోంది. సంపూర్ణమ్మ వంగి ఎత్తుకుంది.

"బతికించావు. తవుడు వచ్చేదాకా ఇంక నీదే," అంది అచ్చాయమ్మ.

"ఎక్కడ తవుడు? ఈ సందు చివర మిల్లుందిగా."

"ఎవరి వడ్ల తవుడో ఎలా పనికొత్తాదమ్మా? మా చేలో వడ్లది కావాలి. అల్లుణ్ణి మొగల్తూరు బస్సెక్కించేను. సాయంత్రానికి వచ్చేత్తాడు."

తల్లికి మత్తు. తండ్రి తవుడు కోసం పోయాడు. అమ్మమ్మ కొనుక్కునేదాకా ముట్టుకోదు. సంపూర్ణమ్మ పిల్లని చేతుల్లో పట్టుకుని వార్డు మధ్యలో నిలబడింది. నాదే అన్నారు కదా, నాదైతే నేను చెప్పిందే జరుగుతుంది అనుకుంది. సరి తారీకైతే నాకేం. గాజుపెట్టె దగ్గరికి వెళ్ళి స్విచ్చి వేసింది. లోపల బల్బు వెలిగి, చిన్న మోటారు గురగుర మొదలైంది. మణికట్టు ఆనించి చూసి, వెచ్చబడ్డాక పిల్లని పడుకోబెట్టింది. తలుపు మూసి, గాజుకి మొహం దగ్గరగా పెట్టి చూసింది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. కాసేపటికి పెదాలకి కాస్త రంగు వచ్చినట్టనిపించింది. చూశారా, పెట్టె పెట్టేనని ఎవరితోనో వాదిస్తున్నట్టు అనుకుంది.

అప్పుడే కరెంటు పోయింది.

ముసురు రోజుల్లో కరెంటు పోవడం వింతేం కాదు. జనరేటరు ఆపరేషను గదికి మాత్రమే ఉంది. మోటారు గురగుర ఆగిపోయాక వార్డులో వాన చప్పుడు వినిపించింది. వస్తుంది, వస్తుంది అని సంపూర్ణమ్మ పెట్టె పక్కనే నిలబడింది. వేడినీళ్ళ సీసాలు పెడదామా అంటే, ఎప్పుడో అలా పెట్టినప్పుడు ఒక పిల్లాడి పిక్క కాలింది. పెట్టె అద్దాలు చల్లబడ్డాయి. లోపలికి చెయ్యి పెట్టి అరికాలు ముట్టుకుంది. నీళ్ళలోంచి తీసిన తమలపాకులా చల్లగా ఉంది.

"అయ్యో, పెట్టెలో పెట్టారేంటండి? ఇవ్వాళ సరి తారీకు కదండి." రెబెక్కా మేడమీద నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. గుండెకి ఇసుక సంచి ఇంకా కట్టుకునే ఉంది.

"మీ తారీకు నా దగ్గరికి తేకు. వాళ్ళ అమ్మమ్మ ముట్టుకోదు. తల్లికి తెలివి రాలేదు."

రెబెక్కా ఒకసారి పిల్ల కాళ్ళు ముట్టుకుని చూసింది. నవ్వు పోయింది. గబగబా సంచి ముడి విప్పడం మొదలుపెట్టింది. "నేను పెట్టుకుంటానండి. ఇలా ఇవ్వండి."

"నువ్వెందుకు?" అంది సంపూర్ణమ్మ. అంత గట్టిగా అంటుందని ఆమే అనుకోలేదు. "అది నాకు దొరికింది."

తెర లాగి, జాకెట్టు గుండీలు విప్పుకుంది. రెబెక్కా పిల్లని నిలువుగా ఆనించి, మెడ ఒక పక్కకి తిప్పి, కాళ్ళు కప్పలా మడిచి, చీరముక్కతో బిగించి కట్టింది. చేతులు చకచకా పనిచేశాయి. ఇసుక సంచితో ఆడుకోవడం అనుకున్నదంతా ఇందుకా అని సంపూర్ణమ్మకి అనిపించింది. ఒంటికి తగిలిన చల్లదనానికి ఒళ్ళంతా జలదరించింది. పైన శాలువా కప్పించుకుని కుర్చీలో వెనక్కి వాలింది.

అచ్చాయమ్మ దూరంగా బల్ల మీద కూర్చుని కిటికీలోంచి బస్టాండు వైపు చూస్తోంది. కరెంటు రాలేదు. చేసే పని లేకుండా పట్టపగలు కుర్చీలో కూర్చోవడం సంపూర్ణమ్మకి ఇదే మొదలు. ఎదురుగా అల్మారాలో డబ్బా వీపు కనిపిస్తోంది.

ఆమె వయసులో ఉన్నప్పుడు, ఇదే ఆస్పత్రి వెనక హాల్లో ఒక కంపెనీవాళ్ళు ట్రైనింగు పెట్టారు. బూట్లు వేసుకున్న మనిషి గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. తల్లిపాలు పల్చన, డబ్బాపాలు చిక్కన అన్నాడు. పిల్లలు బొద్దుగా ఉంటారు, తల్లులు చప్పున పనుల్లోకి వెళ్ళొచ్చు అన్నాడు. ఎలా కలపాలో నేర్పి, అందరికీ తలో డబ్బా ఇచ్చాడు. సంపూర్ణమ్మ అప్పుడు బాలింత. పాలకి కొదవ లేదు. అయినా నేర్చుకున్న మనిషి కదా, లిల్లీకి డబ్బాపాలే పట్టింది. వార్డుకి వచ్చిన తల్లులకి కూడా అదే చెప్పింది, చాలా మందికి చెప్పింది. లిల్లీ నిజంగానే బొద్దుగా అయింది. ఎనిమిదో నెలలో విరేచనాలు పట్టుకుని మూడురోజుల్లో పోయింది. భర్త యెహెజ్కేలు ఆస్పత్రి జీపు నడిపేవాడు. ఆ తర్వాత మాట తగ్గించేశాడు, కొన్నేళ్ళకి మనిషీ పోయాడు.

దేవుడు తీసుకున్నాడనుకుంది అప్పట్లో. ఎన్నో ఏళ్ళ తర్వాత, అదే హాల్లో ఇంకో ట్రైనింగు పెట్టారు. ఇంకెవరో వచ్చి, గోడ మీద ఇంకేవో బొమ్మలు వేసి, పాలసీసా వల్లే పిల్లలు విరేచనాలతో పోతున్నారని, తల్లిపాలని మించింది లేదని చెప్పారు. అందరూ రాసుకున్నారు. వెనక బెంచీలో కూర్చున్న సంపూర్ణమ్మ వైపు ఎవరూ చూడలేదు. ఆ రోజు ఇంటికి వెళ్ళి, డబ్బాని కాలవలో పారేద్దామని గట్టు దాకా పోయి, పారెయ్యలేక వెనక్కి తెచ్చుకుంది. అప్పటి నుంచీ ఎవరు ఏం నేర్పినా తల ఊపుతుంది, చెప్పినట్టు చేస్తుంది, ఒక్క ముక్క నమ్మదు.

రొమ్ముల మధ్య ఏదో కదిలింది. పిల్ల తల తిప్పుతోంది. నోరు తెరుచుకుని, ఎండిపోయిన రొమ్ము మీద అటూ ఇటూ వెతుకుతోంది. సంపూర్ణమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. ఆపుకోవాలని చూసింది గానీ ఆగలేదు. పాలున్నప్పుడు పట్టలేదు కదే అని లోపల్లోపల అంది, ఎవరితో అందో ఆమెకే తెలుసు.

రెబెక్కా మేడమీదికి వెళ్ళి, తల్లి దగ్గర నాలుగు చుక్కలు పిండి ఉగ్గుగిన్నెలో తెచ్చింది. కదపకుండానే నోటి పక్కన వంచి కొంచెం కొంచెంగా పట్టింది. ఈసారి కక్కలేదు. "ఈ సంగతి మీ డాక్టరమ్మకి చెప్పేవా?" అని అడిగింది సంపూర్ణమ్మ.

"లేదండి. చెప్పనా?"

సంపూర్ణమ్మ రెబెక్కా మొహంలోకి చూసింది. పిల్ల అబద్ధమాడుతున్నట్టు లేదు. ఇన్నాళ్ళూ పెట్టుకున్న అనుమానం ఒకటి ఇలా ఊరికే పోవడం ఆమెకి కాస్త కష్టంగానే అనిపించింది.

పాఠం ముగించుకుని హారతి గారు వచ్చింది. కుర్చీలో ఆయా, ఆమె శాలువాలో పిల్ల, బల్ల మీద చేతులు కట్టుకున్న అమ్మమ్మ. రెబెక్కా జరిగింది చెబుతుంటే తవుడు అనే మాట దగ్గర డాక్టరమ్మ నొసలు చిట్లించింది. సంపూర్ణమ్మ చివాట్లకి సిద్ధమై చీరకొంగు బిగించుకుంది.

హారతి గారు నేల మీద గొంతుక్కూర్చుని, శాలువా కిందనుంచి చెయ్యి పెట్టి పిల్ల పాదం పట్టుకుంది. థర్మామీటరు చంకలో పెట్టి, తీసి, కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఈ పాప లెక్కలోకి రాదు సంపూర్ణమ్మా. కాసేపు పెట్టె, కాసేపు మీరు. ఏ పక్కకీ రాదు."

"తీసెయ్యమంటారా?"

"తియ్యకండి. కాళ్ళు వెచ్చబడుతున్నాయి. పొద్దున్న నేను చూసిన దానికన్నా నయం."

ఆవిడ లేవలేదు. అలాగే నేల మీద కూర్చుని, కాసేపు పిల్ల ఊపిరిని చూస్తూ ఉండిపోయింది. లెక్కలోకి రాని పిల్ల దగ్గర ఈవిడకేం పనో సంపూర్ణమ్మకి తోచలేదు. అడగాలనుకుని ఏళ్ళుగా అడగని మాట నోటిదాకా వచ్చింది.

"ఒక మాట చెప్తారాండి. మీరు నేర్పేది నిజమేనా? రేపు ఇంకెవరో వచ్చి, ఇదంతా తప్పు, పిల్లలు దీనివల్లే పోయారంటారా?"

"తెలీదండి," అంది హారతి గారు. "మంచిదేనని నా నమ్మకం. నమ్మకం చాలదు కాబట్టే ఈ తారీకులూ గొడవా. తప్పని తేలితే ఆ మాటా నేనే చెప్పాలి."

ఆ హాల్లో పాఠాలు చెప్పినవాళ్ళలో తెలీదన్న మనిషిని సంపూర్ణమ్మ ఇంతవరకు చూడలేదు. తెలీదని చెప్పి నమ్మించడం కొత్త పద్ధతేమోనని ఒక్కసారి అనుమానం వచ్చింది. వచ్చినంత తేలిగ్గానే పోయింది. అరచేతిని శాలువా కిందకి పోనిచ్చి పిల్ల పాదం పట్టుకుంది. వెచ్చగానే ఉంది. ఇది మాత్రం ఎవరూ నేర్పింది కాదు.

పొద్దు వాలుతుండగా తండ్రి ఉదయభాస్కర్ తడిసి ముద్దయి వచ్చాడు. చొక్కా లోపల, పొట్టకి ఆనించుకుని, ప్లాస్టిక్ సంచిలో తవుడు భద్రంగా తెచ్చాడు. తల్లికి తెలివొచ్చిందని రెబెక్కా చెప్పింది. అందరూ మేడమీదికి బయలుదేరారు. సంపూర్ణమ్మ గుండెకి కట్టుకున్న పిల్లతో ఏటవాలు దారిమీద మెల్లగా నడిచింది. తొట్లూ బకెట్లూ మోసుకుని అన్నేళ్ళు ఎక్కిన దారి, ఇవ్వాళ అప్పుడే అయిపోయిందా అనిపించింది.

ఆడవాళ్ళ వార్డు గుమ్మం దగ్గర అచ్చాయమ్మ ఆపింది. తను లోపలివైపు నిలబడి, చేట పట్టుకుని, ఎన్నడూ ఎరగని మనిషిని పలకరించినట్టు అడిగింది.

"ఏమ్మా, ఆ పిల్లని అమ్ముతావా?"

ఏం చెప్పాలో సంపూర్ణమ్మకి తెలుసు. అమ్ముతానమ్మా అనాలి, అంతే. అనకుండా చెయ్యి పిల్ల వీపు మీద వేసుకుంది. పిల్ల ఊపిరి తన ఊపిరితో కలిసి మెత్తగా ఆడుతోంది. వెనక డాక్టరమ్మ, రెబెక్కా నిలబడి ఉన్నారు. మంచం మీద ఉమ మోచేతి మీద లేవబోయి, నొప్పికి మళ్ళీ వాలింది.

"పిల్లని అమ్ముతావా అమ్మా?" అంది అచ్చాయమ్మ మళ్ళీ. మూడు పొద్దులా ఎవరికీ ఏమీ కాని మనిషి ఈ నిమిషాన తన మనవరాలిని ఇవ్వకపోతే ఎలాగన్న భయం ఆమె మొహంలో కనిపించింది. పొద్దున్నుంచీ తనని చూసిన చూపు కాదది. ఇంకాసేపు ఆ చూపుని అలాగే ఉంచాలని సంపూర్ణమ్మకి అనిపించింది. ఆ తర్వాత మంచం మీది తల్లి చేతులు చూసింది. అవి అప్పుడే చాపి ఉన్నాయి.

"సంపూర్ణమ్మా, అమ్ముతావా తల్లీ?"

"ఏమిచ్చి కొంటారు?"

"మా చేలో వడ్ల తవుడు."

"పొయ్యండి."

అచ్చాయమ్మ దోసిలితో తవుడు తీసి సంపూర్ణమ్మ చీరచెంగులో పోసింది. అప్పుడే మర ఆడించిన వాసన. ఉదయభాస్కర్ ఒంటి వేడికి తవుడు ఇంకా గోరువెచ్చగా ఉంది. రెబెక్కా కట్టు విప్పింది. పిల్ల ఉన్నచోట చల్లగాలి తగిలింది.

"ఒక చెంబుడు పసుపునీళ్ళు పోసి..." అని మొదలుపెట్టింది అచ్చాయమ్మ.

"నీళ్ళు పోయకూడదండి. ఇంత చిన్నపిల్లకి కొన్నాళ్ళ దాకా స్నానం లేదు," అంది హారతి గారు.

అచ్చాయమ్మ చేతులు గాల్లో ఆగాయి. ఎందుకు ఆగాయో సంపూర్ణమ్మకి తెలుసు. తెలిసినా, ఈసారి తన అనుమానం తప్పు కావాలని కోరుకుంది. ఆ చేతులు ముందుకొచ్చి, ఆయా ఒంటి చెమట ఆరని పిల్లని అలాగే తీసుకున్నాయి. అచ్చాయమ్మ పిల్ల నుదురు ముద్దు పెట్టుకుని, తల్లి ఎద మీద ఆనించింది. ఇప్పుడు పిల్ల సన్నగా ఏడ్చింది. పొద్దున్నుంచీ దాని గొంతు వినడం అందరికీ అదే మొదలు.

"తవిటమ్మ," అంది అచ్చాయమ్మ.

"హేమశ్రీ అనుకున్నాం కదమ్మా," అంది ఉమ నీరసంగా.

"బళ్ళో హేమశ్రీ అని రాయించుకో. నాకు తవిటమ్మే." తర్వాత గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి సంపూర్ణమ్మతో అంది. "ఆ తవుడు దగ్గరుంచుకోకు. దార్లో ఏ గేదెకో పెట్టేసెయ్యి. ఉంచుకుంటే రుణం తెగదంటారు."

"ఆయ్," అంది సంపూర్ణమ్మ.

ఆమె కిందికి వచ్చేసరికి కరెంటు వచ్చింది. స్విచ్చి ఆపడం మరిచిపోయిన గాజుపెట్టెలో బల్బు వెలుగుతూ, మోటారు గురగురలాడుతోంది. ఆపేసింది. రేపు బేసి తారీకు, అవసరం పడొచ్చు. అల్మారాలోంచి డబ్బా దించి, దూదిఉండలన్నీ ఒక పళ్ళెంలోకి వంపింది. చీరచెంగు ముడి విప్పి, ఒక్క రేణువు కింద పడకుండా తవుడంతా అందులో పోసి, అరచేత్తో మూత నొక్కింది.

ఇంటికి పోయేదారిలో కాలవగట్టు మీద పాలవాడి గేదెలు కట్టేసి ఉన్నాయి. చివరి గేదె తవుడు వాసన పసిగట్టినట్టు తలెత్తి ఆమె చెంగువైపు మూతి చాపింది. సంపూర్ణమ్మ ఉత్తచేత్తో దాని నుదురు ఒకసారి నిమిరి, ముసురులో నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

చంటిపిల్లల వార్డులో, అల్మారా పై అరలో, మూత బిగించిన డబ్బా ఉంది. రంగు వెలిసిన బొద్దుపాప ఇవతలికి తిరిగి నవ్వుతోంది.